టైలు నీళ్లు పీల్చదు కదా, మరి కింద ఆ షీటెందుకు?

ప్రశ్న: మేము న్యూజెర్సీలో ఉంటాం. అమ్మమ్మా తాతయ్యా వచ్చినప్పుడు ఉండడానికి మా బేస్‌మెంట్‌లో ఒక గదీ, బాత్రూమూ కట్టిస్తున్నారు. షవర్ వచ్చేచోట పనివాళ్లు ముందు సిమెంటు వేశారు. దాని మీద బూడిదరంగు ప్లాస్టిక్ షీటు పరిచారు. తర్వాత ఆ గుంట నిండా నీళ్లు పోసి, పని ఆపేసి వెళ్లిపోయారు. టైలులోకి నీళ్లు ఇంకవు కదా! ఒకవేళ దిగినా కింద ఉన్నది మట్టే కదా, అందులోకి పోతాయి. మరి ఇంత పని ఎందుకు?
– ఎనిమిదో తరగతి చదివే ఒక అమ్మాయి

జవాబు: నీ ఉత్తరంలో రెండు ప్రశ్నలున్నాయమ్మా. టైలు నీళ్లు పీల్చదు కదా అన్నది ఒకటి. దిగినా మట్టిలోకే పోతాయి కదా అన్నది రెండోది. రెండూ మంచి ప్రశ్నలే. ఇల్లు కట్టించుకునే పెద్దవాళ్లకూ ఇవే సందేహాలు వస్తాయి గానీ, చాలామంది అడగరు. టైల్స్ రంగు ఎంచుకోవడం దగ్గరే వాళ్ల ఓపికంతా అయిపోతుంది. నువ్వు అడిగావు కాబట్టి, ఒక్కొక్కటే నిదానంగా చూద్దాం.

టైలు గురించి నువ్వన్నది నిజమే. బాత్రూమ్ నేలకు ఎక్కువగా వాడేది పోర్సిలిన్ టైలు. హైదరాబాదులో, విజయవాడలో విట్రిఫైడ్ టైలని అమ్మేది కూడా ఇలాంటిదే. టైలును బాగా ఎండబెట్టి తూస్తారు, నీళ్లు పట్టించి మళ్లీ తూస్తారు. పీల్చిన నీరు దాని బరువులో 0.5 శాతం దాటకపోతేనే దానికి ఆ పేరు. అంటే కిలో బరువున్న టైలు 5 గ్రాములకు మించి నీరు తాగదు. కాబట్టి టైలు మీద మనకు అనుమానం అక్కర్లేదు.

కానీ నేల మీద టైలొక్కటే లేదు. టైలుకూ టైలుకూ మధ్య సందు ఉంది. షవర్ నేల నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉందనుకో. అక్కడ రెండంగుళాల చదరపు టైల్స్ వేస్తే అటు 22, ఇటు 22 వరసల సందులు వస్తాయి. ఒక్కొక్కటి నాలుగడుగులు. అన్నీ కలిపి లెక్కేస్తే 170 అడుగులు దాటుతుంది. అంత చిన్న గదిలో అంత పొడవు సందును గ్రౌట్‌తో (సందుల్లో నింపే సన్నటి సిమెంటు ముద్ద) పూడుస్తారు. నీళ్లు దిగేది అక్కడ.

గ్రౌట్ గట్టిగా రాయయిపోతుంది కదా, దానిలోంచి నీళ్లెలా దిగుతాయి? సిమెంటు గట్టిపడడమంటే ఎండిపోవడం కాదు. నీటితో రసాయనికంగా కలిసి కొత్త పదార్థంగా మారడం. అందుకు సిమెంటు బరువులో సుమారు నాలుగో వంతు నీరు చాలు. కానీ అంత తక్కువ నీళ్లతో కలిపితే ముద్ద పొడిపొడిగా ఉంటుంది, సందుల్లోకి దిగదు. అందుకని పనివాళ్లు ఇంకాస్త నీళ్లు పోసి మెత్తగా కలుపుతారు. ఆ అదనపు నీరు తర్వాత ఆవిరైపోతుంది. అది ఉన్నచోట కంటికి కనిపించని సన్నటి దారులు మిగిలిపోతాయి. అప్పుడు నీరు బయటికి పోయిన దారిలోనే ఇప్పుడు స్నానం నీరు లోపలికి వస్తుంది.

ఎవరు తోస్తే వస్తుంది? ఎవరూ తోయనక్కర్లేదు. దేవుడి ముందు దీపం చూశావు కదా. నూనె కుందిలో అడుగున ఉన్నా, వత్తి కొస దాకా ఎక్కుతుంది. పోగుల మధ్య ఉన్న సన్నటి సందులే దాన్ని లాగుతాయి. దీన్ని కేశనాళికీయత (సన్నటి దారుల్లో ద్రవం తనంతట తాను పాకడం) అంటారు. గ్రౌట్‌లోనూ, దాని కింద సిమెంటులోనూ, కాంక్రీటులోనూ జరిగేది ఇదే. నీరు కిందికి దిగుతుంది, పక్కకి పాకుతుంది, పైకి కూడా ఎక్కుతుంది. పక్కకీ పైకీ పోతుందన్న సంగతి కాస్త గుర్తుపెట్టుకో. నీ రెండో ప్రశ్నకు జవాబు అందులో ఉంది.

గ్రౌట్ మీద సీలర్ (నీటిని త్వరగా ఇంకనివ్వని పూత) రాస్తారు కదా అని మీ నాన్నగారు అనవచ్చు. రాస్తారు, మంచిదే. మరక పట్టకుండా కాపాడుతుంది, నీరు ఇంకడం తగ్గుతుంది. తగ్గుతుందే గానీ ఆగదు. కొంతకాలానికి ఆ పూత అరిగిపోతుంది కూడా. ఎపాక్సీ గ్రౌట్ అని ఇంకొకటుంది. అది సిమెంటుతో చేసింది కాదు కాబట్టి నీరు దాదాపు పీల్చదు. కానీ గోడ నేలను కలిసే మూలలో, డ్రెయిన్ జాలీ అంచులో వెంట్రుకంత పగులు వచ్చినా చాలు, నీటికి దారి దొరికినట్టే. అందుకే బాగా పని తెలిసిన మేస్త్రీ టైలును నమ్ముకుని షవర్ కట్టడు. టైల్స్ కిందికి నీళ్లు వస్తాయి, అది ఖాయం, వచ్చాక ఎటు పోవాలి అన్న ఆలోచనతోనే పని మొదలుపెడతాడు.

ఇప్పుడు నీ రెండో ప్రశ్న. వస్తే రానీ, కింద మట్టే కదా!

బేస్‌మెంట్ నేల ఎలా కడతారో తెలిస్తే ఇది తేలిపోతుంది. ముందు మట్టిని చదును చేస్తారు. దాని మీద కంకర పరుస్తారు. కంకర మీద, ఈ మధ్య కట్టిన ఇళ్లలోనైతే, పాలిథిన్ షీటు వేస్తారు. ఆపైన సుమారు నాలుగంగుళాల మందాన కాంక్రీటు పోస్తారు. మట్టిలోని చెమ్మ పైకి ఎక్కి ఇంట్లోకి రాకుండా ఆ పాలిథిన్ అడ్డం పడుతుంది. కింది నుంచి వచ్చేదాన్ని ఆపేది పైనుంచి దిగేదాన్ని మాత్రం వదులుతుందా? వదలదు. పాత ఇళ్లలో ఆ షీటు లేకపోయినా, నాలుగంగుళాల కాంక్రీటు దాటి మట్టిలోకి చేరడం నీటికి చాలా నెమ్మదైన ప్రయాణం. ఈలోగా రేపటి స్నానం, ఎల్లుండి స్నానం వచ్చి పడతాయి. కిందికి పోలేని నీరు కాంక్రీటులో పక్కకి పాకుతుంది.

పక్కన ఏముంది? అమెరికా ఇళ్లలో లోపలి గోడలు మనవైపులా ఇటుక గోడలు కావు. చెక్క నిలువుల చట్రం కట్టి, దానికి డ్రైవాల్ (రెండువైపులా కాగితం అతికించిన జిప్సం పలక) బిగిస్తారు. ఆ చట్రం అడుగు చెక్క కాంక్రీటు మీదే కూర్చుంటుంది. కాంక్రీటుకు ఆనే చెక్కకు పుచ్చకుండా మందు పట్టించి ఉంటుంది గానీ, దాని మీది నిలువులకూ, పలక మీది కాగితానికీ ఆ రక్షణ ఉండదు. తడిసిన కాగితం, చెక్క బూజుకు మంచి తిండి. తడిసినదాన్ని 24 నుంచి 48 గంటల్లో ఆరబెట్టకపోతే బూజు పట్టవచ్చని అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ (ఇ.పి.ఎ.) చెబుతుంది. బేస్‌మెంట్‌లో ఆరడమే కష్టం. అక్కడ ఎండ రాదు, గాలి ఆడదు. వేసవిలో బయటి ఉక్కగాలి లోపలికొచ్చి చల్లటి గోడలను తాకి ఇంకా చెమ్మగిల్లుతుంది. మీ బేస్‌మెంట్‌లో డీహ్యూమిడిఫయర్ (గాలిలోని తేమను లాగే యంత్రం) బొయ్యిమంటూ నడుస్తూ ఉంటే, అందుకే.

మన ఊళ్లోని అపార్ట్‌మెంట్లకూ మీ బేస్‌మెంట్‌కూ ఇక్కడొక తేడా ఉంది. హైదరాబాదులో పై అంతస్తు బాత్రూమ్ కారిందనుకో, కింది ఫ్లాటువాళ్ల సీలింగ్ మీద గుండ్రంగా మరక పడుతుంది. రెండో వారానికి వాళ్లొచ్చి తలుపు తడతారు. గొడవైతే అయింది గానీ, లోపం బయటపడుతుంది. బేస్‌మెంట్ కింద ఎవరూ ఉండరు. వచ్చి చెప్పేవాళ్లు లేరు. గోడ లోపల ఏళ్ల తరబడి జరిగేది జరుగుతూనే ఉంటుంది. చివరికి పక్క గదిలో కార్పెట్ అంచు వాసన వేసినప్పుడో, గోడ అడుగున పెయింట్ ఉబ్బినప్పుడో తెలుస్తుంది. కింద మట్టే కదా అన్న ధీమా ఇందుకే పనికిరాదు. పై అంతస్తు కంటే బేస్‌మెంట్‌లోనే ఎక్కువ జాగ్రత్త కావాలి.

ఎందుకో తెలిసింది కాబట్టి ఎలాగో చూద్దాం. నీళ్లు చివరికి చేరే చోటి నుంచి మొదలుపెట్టి పైకి రావాలి, ఎందుకంటే పని కూడా అదే వరసలో జరుగుతుంది.

అన్నిటికంటే ముందు డ్రెయిన్. నువ్వు బడిలో ఉన్నప్పుడు కాంక్రీటును కోసి, పగలగొట్టి, మట్టి తవ్వి పైపు వేసి ఉంటారు. షవర్ పైపు రెండంగుళాల వ్యాసం ఉంటుంది, అడుగుకు పావు అంగుళం చొప్పున కిందికి వాలుతుంది. దానిలో ఒక వంపు ఉంటుంది. ఆ వంపులో ఎప్పుడూ కొంచెం నీరు నిలిచి, మురుగు వాసన ఇంట్లోకి రాకుండా మూస్తుంది. మన దగ్గర నహానీ ట్రాప్ చేసే పని అదే. వీధిలోని మురుగు పైపు మీ బేస్‌మెంట్ కంటే ఎత్తులో ఉంటే నీరు తనంతట తాను పోలేదు. అప్పుడు నేలలో తొట్టి పెట్టి, పంపుతో పైకి తోడతారు. ఇదంతా ప్లంబర్ పని. దీనికి మున్సిపాలిటీ పర్మిటు, తనిఖీ ఉంటాయి.

ఆ తర్వాత వేసిన సిమెంటు సంగతి. పనివాళ్లు ముందు సిమెంటు వేశారు, ఆ తర్వాత షీటు పరిచారు అని రాశావు. నీ ఉత్తరం మొత్తంలో నాకు అన్నిటికంటే నచ్చిన మాట ఇదే. ఎందుకంటే ఎక్కువ షవర్లు చెడేది ఇక్కడే.

నేల మీద నీరు డ్రెయిన్ వైపు పారాలంటే వాటం (వాలు) ఉండాలని అందరికీ తెలుసు. అడుగుకు పావు అంగుళం, అంటే సుమారు 2 శాతం, ఉండాలన్నది అమెరికాలో నియమం. టైల్స్ పైన ఆ వాటం ఎవరైనా పెడతారు. కళ్లకు కనిపిస్తుంది, నీళ్లు పోసి చూస్తే తెలుస్తుంది. కానీ నీరు టైల్స్ కిందికి కూడా దిగుతుందని ఇందాక అనుకున్నాం కదా. ఆ దిగిన నీరు షీటు మీద ఆగుతుంది. షీటు చదునుగా ఉన్న కాంక్రీటు మీద పరిచి ఉంటే ఆ నీరు ఎటు పోవాలి? ఎటూ పోదు. పైన సిమెంటులో నిలిచిపోతుంది. ప్రతి స్నానానికీ ఇంకాస్త చేరుతుంది. కొన్నాళ్లకు షీటు మీది సిమెంటంతా ఎప్పుడూ తడిగానే ఉంటుంది. గ్రౌట్ నల్లబడుతుంది, వాసన వస్తుంది, సందుల్లో తెల్లటి పొడి తేలుతుంది. షీటుకు ఎక్కడా చిల్లి లేదు, అయినా షవర్ చెడింది.

కాబట్టి వాటం షీటు మీద ఉంటే చాలదు, షీటు కింద కూడా ఉండాలి. పనివాళ్లు ముందు వేసిన సిమెంటు ఆ కింది వాటం. అది ఉంటే, టైల్స్ దాటి దిగిన నీరు కూడా షీటు మీదుగా నిదానంగా డ్రెయిన్ దాకా జారుతుంది.

ఎంత ఎత్తు పెట్టాలో లెక్క కట్టడం నీకు సులువే. నాలుగడుగుల చదరంలో డ్రెయిన్ సరిగ్గా మధ్యలో ఉంది. మధ్య నుంచి మూల దాకా దూరం పైథాగరస్ సూత్రంతో లెక్కేస్తే సుమారు 2.83 అడుగులు. అడుగుకు పావు అంగుళం చొప్పున 0.7 అంగుళం, అంటే ముప్పావు అంగుళం అనుకో. గోడల చుట్టూ అంచు ఒకే మట్టంలో, డ్రెయిన్ కంటే ముప్పావు అంగుళం ఎత్తులో ఉంటే మూల నుంచి కూడా చాలినంత వాటం వస్తుంది. గోడ మధ్య నుంచి డ్రెయిన్‌కు రెండడుగులే కాబట్టి అక్కడ వాటం ఇంకాస్త ఎక్కువే ఉంటుంది. మేస్త్రీ చుట్టూ రసమట్టం పెట్టి చూసేది ఆ అంచునే.

ఆ సిమెంటు మాలు కూడా మామూలుగా కలిపేది కాదు. సిమెంటు ఒక పాలు, ఇసుక నాలుగైదు పాళ్లు. నీళ్లు చాలా తక్కువ. పిడికిట్లోకి తీసుకుని నొక్కితే ఉండ కట్టాలి, చెయ్యి తెరిస్తే ఉండ విడిపోకూడదు, వేళ్ల సందుల్లోంచి నీళ్లు రాకూడదు. జారుగా కలిపితే ఆ మాలు తనంతట తాను చదునైపోతుంది, వాటం నిలబడదు. అందుకే పొడిగా కలిపి, పోసి, తాపీతో గట్టిగా అదిమి, చెక్క బద్దతో గీసి వాలు తెస్తారు.

ఇక ఆ బూడిదరంగు షీటు. అది పి.వి.సి. షీటు, ఒక మిల్లీమీటరు మందం ఉంటుంది. మందం కంటే ముఖ్యమైనది దాన్ని ఎలా పరిచారన్నది. షీటు నేలతో ఆగిపోకూడదు, గోడల మీదికి ఎక్కాలి, గుమ్మం దగ్గరి గట్టు కంటే ఎత్తుకు వెళ్లాలి. మూలల్లో కొయ్యకూడదు, మడత పెట్టాలి. గోడకు బిగించే మేకులు షీటు పై అంచులోనే ఉండాలి. గట్టు పైభాగంలో గానీ, లోపలివైపు గానీ ఒక్క మేకు కూడా దిగకూడదు. గట్టు మీద నీళ్లు ఎక్కువ పడతాయి కాబట్టి అక్కడ మేకు కొట్టడమంటే మనమే చిల్లి పెట్టడం. అన్నట్టు, కాంక్రీటు నేల మీద ఆ గట్టును చెక్కతో కట్టకుండా సిమెంటు ఇటుకలతో కట్టడమే మేలు. కాంక్రీటు చెమ్మకు చెక్క ఉబ్బుతుంది, ఉబ్బితే మీది టైల్స్ పగులుతాయి.

షీటు డ్రెయిన్‌ను కలిసేచోట ఇంకో విషయం చూడాలి. ఈ డ్రెయిన్‌కు రెండు వలయాలుంటాయి. కింది వలయానికీ పై వలయానికీ మధ్య షీటును పెట్టి బోల్టులతో బిగిస్తారు. పై వలయానికి చుట్టూ చిన్న రంధ్రాలుంటాయి. వాటిని వీప్ హోల్స్ (ఊట దిగే రంధ్రాలు) అంటారు. టైల్స్ మీది నీరు జాలీలోంచి పోతుంది సరే, షీటు మీదికి చేరిన ఊట నీరు ఈ రంధ్రాల్లోంచి పోతుంది. వీటిని సిమెంటుతోనో సిలికాన్‌తోనో మూసేశారంటే కింది వాటం పెట్టిన శ్రమంతా వృథా. అందుకే మాలు వేసే ముందు రంధ్రాల చుట్టూ గుప్పెడు సన్నకంకరో, పగిలిన టైలు ముక్కలో పోస్తారు. రేపు పనివాళ్లు వచ్చినప్పుడు ఆ కంకర పోస్తారో లేదో నువ్వే చూడు. ఆ చిన్న పని మానేసేవాళ్లు చాలామంది.

ఆపైన మళ్లీ సుమారు ఒకటిన్నర అంగుళం మాలు, అదే వాటంతో. దాని మీద టైల్స్.

ఇప్పుడు ఇంకో పద్ధతి కూడా బాగా వాడుకలోకి వచ్చింది. అందులో నీటిని ఆపే పొర అడుగున ఉండదు, టైలుకు అంటుకునేంత దగ్గరగా పైకి వస్తుంది. వాటం పెట్టిన సిమెంటు మీద ద్రవరూపంలోని పూతను రెండుసార్లు పూస్తారు, లేదా రెండువైపులా నూగు ఉన్న పలుచటి పాలిథిన్ షీటును అంటిస్తారు. నేరుగా దాని మీదే టైల్స్ వేస్తారు. ఇలాంటి పొరలకు అమెరికాలో ఆన్సీ ఎ118.10 అనే ప్రమాణం ఉంది. కొనేటప్పుడు డబ్బా మీద ఆ అంకె ఉందో లేదో చూడాలి. ఈ పద్ధతిలో పొర మీద మందమైన సిమెంటు ఉండదు కాబట్టి నీరు నిలిచే చోటు తక్కువ, ఆరడం త్వరగా. కొత్తగా కట్టించుకునేవాళ్లు అడిగితే నేను దీన్నే చెబుతాను. అయితే ఇది పూత పూసేవాళ్ల శ్రద్ధ మీద ఆధారపడిన పని. పలుచగా పూస్తే సూదిమొనంత చిల్లులు మిగిలిపోతాయి. మీ ఇంట్లో పాత పద్ధతి పెట్టారు. సరిగ్గా చేస్తే అదీ చక్కగా పనిచేస్తుంది. రెంటినీ కలపడం మాత్రం మంచిది కాదు. అడుగున షీటు వేసి, పైన మళ్లీ పూత పూస్తే మధ్యలో చిక్కిన నీటికి ఆరే దారి ఉండదు.

నువ్వు ఆశ్చర్యపోయిన చోటికి వచ్చాం. గుంట నిండా నీళ్లు పోసి వెళ్లిపోయారన్నావు కదా. వాళ్లు పని ఎగ్గొట్టలేదు, పరీక్ష పెట్టారు. మన సైట్లలో దీన్నే పాండింగ్ టెస్ట్ అంటారు. డ్రెయిన్ పైపు లోపల గాలి నింపే రబ్బరు బిరడా పెట్టి మూస్తారు. అది షీటు డ్రెయిన్‌ను కలిసే అతుకు కంటే కిందికి ఉండాలి, అప్పుడే ఆ అతుకు కూడా పరీక్షకు వస్తుంది. తర్వాత గట్టు అంచుకు కొంచెం తక్కువగా నీళ్లు నింపి, నీటిమట్టం దగ్గర పెన్సిలుతో గీత గీస్తారు. అమెరికాలో చాలా రాష్ట్రాలు ఆధారంగా తీసుకునే ఇళ్ల నిర్మాణ నియమావళి కనీసం 15 నిమిషాలు ఉంచాలంటుంది. మంచి మేస్త్రీలు 24 గంటలు ఉంచుతారు. సూదిమొనంత చిల్లి పావుగంటలో బయటపడదు కాబట్టి 24 గంటలే సరైనదని నా అభిప్రాయం.

మర్నాడు నీటిమట్టం గీత దగ్గరే ఉంటే షీటు బాగున్నట్టు. ఒక వెంట్రుకవాసి తగ్గితే భయపడనక్కర్లేదు, ఆ మాత్రం ఆవిరి అవుతుంది. అనుమానం ఉంటే పక్కనే ఒక వెడల్పాటి బేసిన్‌లో నీళ్లు పోసి, దానికీ గీత పెట్టి, రెండూ ఎంతెంత తగ్గాయో పోల్చి చూడొచ్చు. గుంటలో ఎక్కువ తగ్గితే కారుతున్నట్టే. అప్పుడు కూడా ముందు బిరడా సరిగ్గా బిగిసిందా అని చూస్తారు, తర్వాత డ్రెయిన్ అతుకు, ఆ తర్వాత మూలలు. మీ బేస్‌మెంట్ కింద చూడడానికి సీలింగ్ లేదు, మరక పడే చోటు లేదు. అందుకే ఆ పెన్సిలు గీతే మీకున్న ఒక్క సాక్ష్యం. పనివాళ్లు వచ్చేదాకా దాన్ని ఎవరూ చెరపకుండా, గుంటలో ఎవరూ దిగకుండా చూడండి. బూటులో ఇరుక్కున్న చిన్న రాయి కూడా షీటును చీల్చగలదు.

గోడల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. వాటికి డ్రైవాల్ బదులు సిమెంటు బోర్డు పెడతారు. అది తడిసినా పాడవదు, కానీ నీటిని ఆపదు కూడా. కాబట్టి దాని వెనక పాలిథిన్ గానీ, ముందువైపు పూత గానీ ఉండాలి. రెండూ ఉండకూడదు. కారణం నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. గోడ పొర చివర నేల షీటుకు ముందుగా రావాలి, వెనక్కి పోకూడదు, అప్పుడే గోడ మీది నీరు షీటు మీదికి దిగుతుంది. గోడ నేలను కలిసే మూలలో గ్రౌట్ పెట్టకూడదు, సిలికాన్ పెట్టాలి. గోడా నేలా వేడికీ చెమ్మకూ వేర్వేరుగా కదులుతాయి. గట్టిగా ఉండే గ్రౌట్ ఆ కదలికకు పగులుతుంది, సాగే సిలికాన్ తట్టుకుంటుంది.

నేలకు రెండంగుళాల చిన్న టైల్సే ఎందుకని కూడా నీకు అనిపించవచ్చు. నాలుగువైపుల నుంచీ మధ్యకు వాలిన నేల మీద పెద్ద టైలు ఒరిగి కూర్చోదు, మూలలు లేస్తాయి. చిన్నవి వాటానికి తగ్గట్టు సర్దుకుంటాయి. సందులు ఎక్కువ ఉండడం వల్ల తడి కాలికి పట్టు కూడా దొరుకుతుంది. తాతయ్య కాలు జారకుండా ఉండడానికి ఇది చిన్న విషయం కాదు. నున్నగా మెరిసే టైలు గోడకు బాగుంటుంది గానీ షవర్ నేలకు వద్దు. టైల్స్ అంటించడానికి కూడా డబ్బాలో ముందే కలిపి వచ్చే జిగురు వాడకూడదు, ఎప్పుడూ తడిసే చోట అది మళ్లీ మెత్తబడుతుంది. పొడిగా వచ్చి నీళ్లతో కలిపే సిమెంటు అడెసివ్ కావాలి.

అంతా అయ్యాక మీ ఇంటికి సంబంధించిన సంగతి ఒకటి. అమ్మమ్మా తాతయ్యా తిరిగి వెళ్లాక ఆ షవర్ నెలల తరబడి వాడకపోవచ్చు. అప్పుడు డ్రెయిన్ వంపులో నిలిచిన నీరు ఆవిరై, మురుగు వాసన పైకి వస్తుంది. షవర్ కారుతోందనో, బూజు పట్టిందనో కంగారుపడతారు. కొన్ని వారాలకోసారి ఒక చెంబెడు నీళ్లు ఆ జాలీలో పోస్తే చాలు. ఆ పని నువ్వే పెట్టుకో.

వాసనతో పాటు ఇంకొన్ని గుర్తులు కూడా తెలిసి ఉండాలి. స్నానమయ్యాక మర్నాటికి కూడా డ్రెయిన్ చుట్టూ గ్రౌట్ ముదురురంగులోనే ఉందంటే కింద నీరు నిలుస్తున్నట్టు. సందుల్లో తెల్లటి పొడి మాటిమాటికీ తేలుతుంటే, నీరు సిమెంటులోని సున్నాన్ని కరిగించి పైకి తెస్తున్నట్టు. అది గాలి తగిలి తెల్లగా గట్టిపడుతుంది. రుద్దితే పోతుంది, కానీ కారణం పోదు. ఇలాంటివి కనిపిస్తే గ్రౌట్ మీద గ్రౌట్ పూయించకుండా, వీప్ హోల్స్ మూసుకుపోయాయేమో ముందు చూపించాలి.

చివరగా మీ నాన్నగారికి ఒక మాట చెప్పు. రేపు నీళ్లు తీసే ముందు ఒకసారి, తీసేశాక మాలు వేయకముందే ఇంకోసారి, ఫోనుతో ఫొటోలు తీసి పెట్టమను. షీటు మూలల మడతలు, గోడ మీదికి ఎక్కిన అంచు, గట్టు, డ్రెయిన్ రంధ్రాల చుట్టూ పోసిన కంకర, పెన్సిలు గీత పక్కన టేపు పెట్టి కొలత, అన్నీ తేదీతో సహా ఉండాలి. టైల్స్ పడ్డాక లోపల ఏముందో పగలగొడితే తప్ప ఎవరికీ కనిపించదు. హైదరాబాదులో మీ బంధువులెవరైనా బాత్రూమ్ చేయిస్తుంటే వాళ్లకూ ఇదే చెప్పు, మేస్త్రీ టైల్స్ డబ్బా తెరవకముందే.